ఆత్మకూరు బస్సులో పది కాగితం కవర్లు

నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో పొద్దున ఆరున్నరకి బస్సెక్కితే సంగం ఇంచుమించు గంట ప్రయాణం. ఆ గంటలో చెప్పుకోదగ్గది పొగమంచు ఒక్కటే. కోవూరు దాటి బుచ్చి వచ్చేదాకా పొలాలు కనిపించలేదు. బస్సులో వాళ్లు అద్దాలు మూసుకుని, తలలకి తువ్వాళ్లు చుట్టుకుని చలిని తిట్టుకుంటున్నారు. వరికి పట్టే అగ్గితెగులు నమూనాలు ల్యాబుకి తేవడానికి వెళ్లేవాళ్లకి మాత్రం ఫిబ్రవరి మొదటి వారంలో ఇంతకంటే మంచి పొద్దు దొరకదు. ఆ తెగులు తెచ్చే పైరికులేరియా అనే శిలీంధ్రానికి (బూజుకి) వాన ఎంత కురిసిందన్నది అంత ముఖ్యం కాదు. ఆకు మీద తడి ఎన్ని గంటలు ఆగిందన్నదే దాని లెక్క. రాత్రి చలి ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉండి, మంచు పది గంటలు ఆరకుండా ఉండి, రైతు యూరియా ఓ గుప్పెడు ఎక్కువ చల్లి ఉంటే ఇక దానికి పండగే.

సంగం సెంటర్ నుంచి పొలాలకి నాలుగు కిలోమీటర్లు. పోనూ రానూ ఆటో మూడొందల యాభై. బేరమాడితే "వెయిటింగు కూడా ఉంది కదా సార్" అని ఇంకో యాభై కలిపాడు. నెల్లూరు నుంచి వచ్చిన బస్సు ఛార్జీకి ఇది ఎన్ని రెట్లో లెక్కేసుకుంటూ కూర్చుంటే మనసు పాడవడం తప్ప లాభం లేదని గట్టు దిగేశాను.

మడిలో అక్కడక్కడా కంకులు తెల్లగా నిలబడి ఉన్నాయి. రైతు అప్పటికే నిర్ణయానికి వచ్చేశాడు. "మొగి పురుగు సార్, గుళికలు చల్లినా పోలా." తెల్లకంకి చూడగానే పురుగని అనుకోవడం ఇక్కడ మామూలే. తేడా తెలుసుకోడానికి భూతద్దం అక్కర్లేదు. కంకిని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. పురుగు తొలిచిందైతే లోపల తెగిపోయి ఉంటుంది కాబట్టి నూనెలో ముంచిన వత్తిలా జారి చేతికొస్తుంది. అగ్గితెగులు కంకి మెడకి పట్టి వచ్చే మెడవిరుపైతే ఊడి రాదు, మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. విరిగినచోట కణుపు చుట్టూ బూడిద కలిసిన నలుపు పట్టీ ఉంటుంది. నాలుగు కంకులు లాగితే నాలుగూ విరిగాయి. గుళికల డబ్బు మట్టిలో కలిసినట్టే.

"మరి ట్రైసైక్లజోల్ కూడా కొట్టాం గదా?" అన్నాడు. అగ్గితెగులుకి కొట్టే మందది. ఎప్పుడు కొట్టారంటే, మెడలు నల్లబడ్డాక. చిక్కంతా అక్కడే. ఈ బూజు ఆకు మీదో మెడ మీదో అతుక్కుని, గుండ్రటి బుడగ లాంటి కణం ఒకటి కడుతుంది. ఆ కణం గోడకి మెలనిన్ అనే నల్లటి పూత పూసుకుని, లోపల ఒత్తిడి పెంచి, మేకు దిగగొట్టినట్టు కణజాలంలోకి దిగుతుంది. ఆ ఒత్తిడి 8 మెగాపాస్కల్స్ దాకా ఉంటుంది. లారీ టైరులో గాలికి సుమారు పది రెట్లు. ట్రైసైక్లజోల్ చేసేది ఆ నల్లపూత పడకుండా ఆపడమే. పూత లేకపోతే బుడగ ఒత్తిడి నిలబెట్టుకోలేదు, మేకు దిగదు. అప్పటికే దిగిపోయిన మేకుని ఈ మందు పీకలేదు. అందుకే పొట్ట చివరి దశలో, కంకి తొంగిచూసే వేళకే అది మెడ మీద ఉండాలి. లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున, ఎకరానికి 200 లీటర్లు. 16 లీటర్ల ట్యాంకుతో పన్నెండు పదమూడు ట్యాంకులు. ఆయన కొట్టింది ఆరు. పొడి మాత్రం మొత్తం పోశాడట, అంటే చిక్కదనం రెండింతలు, తడిసింది సగం పైరు. చాలాచోట్ల జరిగేది ఇదే. మందు తక్కువై కాదు, నీళ్లు తక్కువై పోతుంది.

నమూనా తీయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మెడ కణుపుకి అటూ ఇటూ కలిపి ఐదారు సెంటీమీటర్ల ముక్క కోయాలి. పూర్తిగా ఎండి పొట్టు రాలుతున్నవి వద్దు, మచ్చ అంచు ఇంకా గోధుమరంగులో ఉన్నవి కావాలి. ఒక మడి నుంచి ఐదు ముక్కలు, ఒక కాగితం కవరు. కవరు మీద రకం పేరు, ఊరు, తేదీ, ఫోను చూపించే అక్షాంశ రేఖాంశాలు పెన్సిలుతోనే రాయాలి. పెన్నుతో రాస్తే మంచుకి చెదిరిపోయి సాయంత్రానికి సాంబ మసూరి రకం నంబరు బీపీటీ 5204 కాస్తా ఏదో చదవలేని అంకె అవుతుంది. రకం పేరు పోతే నమూనా పోయినట్టే. సాంబ మసూరికి పట్టిన బూజుకీ, అగ్గితెగులుని తట్టుకుంటుందని పేరున్న ఎంటీయూ 1010 రకం మీద దొరికిన బూజుకీ ల్యాబులో విలువ ఒకటి కాదు. రెండోది తట్టుకునే రకాన్ని కూడా లొంగదీసుకున్న బూజు, అది దొరికితే దాని మీద ఏళ్ల తరబడి చేసే పని ఉంటుంది.

పదకొండున్నరకి పది కవర్లయ్యాయి. మధ్యాహ్నం తిరుగు బస్సు. ఆ వేళప్పుడు నెల్లూరు వైపు వచ్చేటప్పుడు ఎడమ పక్క సీట్లలో నీడ. కుడి పక్క కూర్చుంటే కిటికీలోంచి ఎండ నేరుగా సంచీ మీద పడుతుంది. బానెట్ పక్కన అసలు పెట్టకూడదు, ఇంజను వేడికి ముక్కలు ఉడుకుతాయి. సంచీ ఒళ్లో పెట్టుకుంటే పక్కసీటాయన, బుచ్చికి పోయే కౌలురైతు, వంగి చూశాడు.

"ఏంది సార్ అయ్యి, విత్తనాలా?"

"తెగులు పట్టిన మెడలు."

"డబ్బులిచ్చి ఆటో మాట్లాడుకోని తెగులు మోసుకుపోతుండారా! మా చేలోకి రాండి, లారీ లోడు ఇస్తా." బస్సులో ముగ్గురు నవ్వారు. తర్వాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, "కాగితం చిరిగిపోద్ది, ఇందులో పెట్టుకోండి" అన్నాడు.

మంచి మనసుతో ఇచ్చేది వద్దనడం కష్టమే, కానీ మా పనిని ప్లాస్టిక్ కవరు పాడుచేసినంతగా ఇంకేదీ పాడుచేయదు. పచ్చి ముక్కకి లోపల చెమట పడుతుంది. ఆ తడిలో చచ్చిన ఆకు మీద బతికే కర్వులేరియా, ఆల్టర్నేరియా లాంటివి రాత్రికి రాత్రే కమ్మేస్తాయి. మాకు కావలసిన పైరికులేరియా నింపాదిగా పెరిగేది. పోటీలో నిలవదు. కాగితమైతే ముక్క దారిలోనే ఆరుతూ వస్తుంది. నీడలో ఇంకో రోజు ఆరబెట్టి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచితే అందులో బూజు నెలల తరబడి బతికే ఉంటుంది.

ఆయన ఇదంతా శ్రద్ధగా విన్నాడు, నడుం గోక్కుంటూ. లుంగీ ముడి దగ్గర చక్రంలా ఎర్రటి మచ్చ, అంచు మాసిపోయి ఉంది. తామర, అదీ బూజు తెచ్చేదే. నా చూపు గమనించి ఇంకో జేబులోంచి ట్యూబు తీశాడు. "ఎనిమిది నెలలయింది. పూస్తే రెండ్రోజుల్లో తగ్గిద్ది, ఆపితే డబలొస్తది. ఇంట్లో అందరికీ వచ్చింది." ట్యూబు వెనక చిన్నక్షరాల్లో మూడు మందులు: బూజుకొకటి, బ్యాక్టీరియాకొకటి, మూడోది క్లోబెటసాల్, గట్టి స్టెరాయిడ్. దురద తగ్గించేది ఆ మూడోదే. అది చర్మం చేసే ఎదురుదాడిని అణుస్తుంది, అందుకే ఎరుపు పోతుంది. బూజు మాత్రం హాయిగా లోపలే పరుచుకుంటుంది. తామర అంచు చెరిగిపోవడం ఈ ట్యూబు చేసే పనే. అలా అంచు చెరిగిన తామరని చర్మం డాక్టర్లు కూడా గుర్తుపట్టలేక తికమకపడతారు. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూలు పెట్టారు. చీటీ ఎవరిచ్చారంటే, "షాపాయనే" అన్నాడు.

ఈ పదేళ్లలో మన దేశంలో ముదిరిన తామర పాత తామర కాదు. 2020లో దీన్ని తెచ్చే బూజుకి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని వేరే పేరు పెట్టారు. తామరకి వాడే టెర్బినఫిన్ మందు పట్టుకునే బూజు ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, ఆ మందు దానికి పట్టదు. మిగిలేవి ఇట్రాకొనజోల్ లాంటి అజోల్ మందులు. వరికి వచ్చే పాముపొడ తెగులుకి చేలో కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా ఆ కుటుంబమే, బూజులో కొట్టేది ఒకే ఎంజైమును. ఆయన వీపున ట్యాంకులోనూ డాక్టరు రాసే చీటీలోనూ ఉండేది దాదాపు ఒకే మందన్నమాట. నెదర్లాండ్స్‌లో ఊపిరితిత్తులకి పట్టే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఆసుపత్రి గడప తొక్కకముందే అజోల్ మందులకి లొంగకుండా తయారవడానికి పొలాల్లో వాడిన ఈ కుటుంబం మందులే ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పారు.

బుచ్చి వచ్చేలోగా చెప్పగలిగినవి కొన్నే. ఆ ట్యూబు ఆపేయండి, ఆపాక కొన్నాళ్లు ఎర్రబడి మండుతుంది, దానికి భయపడి మళ్లీ పూయొద్దు. చర్మం డాక్టరుకి ఇంటిల్లిపాదీ ఒకేసారి చూపించుకోండి, ఒకళ్లకి తగ్గి ఇంకొకళ్లకి ఉంటే తిరిగొస్తుంది. పూతమందు మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల దాకా పూయాలి, మచ్చ కనిపించకుండా పోయాక కూడా రెండు వారాలు మానకూడదు. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకే, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. చేలోంచి రాగానే తడి లుంగీ మార్చుకోవాలి. "తడి ఎంతసేపుంటే దానికంత పండగ, అంతేగదా" అన్నాడు. నేను మంచు గురించి చెప్పింది తిప్పి నాకే అప్పజెప్పాడు.

ఆయన దిగిపోయాక నెల్లూరు దాకా కునుకు. రాత్రి కారం దోశ, అంతకుమించి ఆ రోజు ఇంకేం లేదు.

కవర్లు ఒక రోజు ఆరనిచ్చి ముక్కల్ని 1 శాతం హైపోక్లోరైటు (బ్లీచింగ్ ద్రావణం)లో నిమిషం ఉంచి, శుద్ధి చేసిన నీళ్లతో మూడుసార్లు కడిగి, తడి వడపోత కాగితం పరిచిన గాజు పళ్లేల్లో పెట్టాం. రెండో రోజుకి తొమ్మిదింటిలో మెడ మీద పల్చటి బూడిదరంగు నూగు వచ్చింది. మైక్రోస్కోపులో దాని స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) బేరిపండు ఆకారం, రెండు అడ్డగోడలు, మూడు గదులు: పైరికులేరియాయే. సన్నటి గాజు సూదితో ఒక్కో స్పోరునీ ఏరి బూజు పెంచే ఓట్‌మీల్ అగర్ జెల్లీ మీదికి మార్చేశాం. పదో కవరు అడుగున కాగితం ముడతలు పడి ఉంది. బస్సులో ఆయన తడి తువ్వాలు నా సంచీకి ఆనుకునే ఉన్నట్టు గుర్తు. ఆ పళ్లెంలో నాలుగు గదులతో వంకర తిరిగిన స్పోర్లు, అన్నీ కర్వులేరియాయే. ఆ కవరు మీద పెన్సిలుతో రాసిన రకం ఎంటీయూ 1010.