ఒక్క ఊపిరిలో ఎంతవరకు

2022 ఆగస్టులో నాకు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు ఓఆర్‌ఎస్ నీళ్లు, మజ్జిగన్నం. తగ్గిపోయింది, ఆ సంగతే మర్చిపోయాను. పది రోజుల తర్వాత ఒక పొద్దున మంచం దిగితే రెండు పాదాల్లో తిమ్మిర్లు, నేల మీద అడుగేస్తుంటే దూది తొక్కుతున్నట్టు ఉంది. మా ఊళ్లో చూపించుకుంటే నరాల బలహీనత అన్నారు, బి12 ఇంజక్షన్ చేసి వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారం ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. మూడో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాను, ఐదో రోజుకి చేతులకి పాకింది, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికి వేళ్లు మాట వినలేదు. మా ఆయన కారు మాట్లాడి ఆ రాత్రే నన్ను కాకినాడ నుంచి విశాఖపట్నం తీసుకెళ్లారు.

అక్కడి న్యూరాలజిస్టు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు, నరాలకి కరెంటు పెట్టే పరీక్ష చేశారు, గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. ఒంట్లో దూరిన సూక్ష్మక్రిమి మీదకి వెళ్లాల్సిన మన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత నరాల మీదే పడుతుంది, కరెంటు తీగ మీద తొడుగు ఊడిపోయినట్టు నరాల మీద పొర దెబ్బతింటుంది. నాకు వచ్చిన విరేచనాలే దీనికి దారి తీసి ఉంటాయని చెప్పారు. 2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు ఒక్కసారిగా పెరిగిందని వార్తల్లో వస్తే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మందు ఐవీఐజీ, అంటే నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు. వేల మంది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి తీస్తారు దాన్ని. నా బరువుకి రోజుకి ఐదు సీసాలు, అలా ఐదు రోజులు. ఒక్కో సీసా పది వేల పైన, నా గాజులు అందులోకే వెళ్లాయి. సీసా కుదిపితే నురగ వస్తుందని నర్సమ్మ పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకునేది.

అందరూ భయపడింది ఊపిరి గురించి. కాళ్ల నుంచి పైకి పాకే ఈ నీరసం ఛాతీ దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలి. అందుకని డాక్టరు గారు పొద్దునా సాయంత్రం వచ్చి, "అమ్మా, గట్టిగా ఊపిరి తీసుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలవో చూడు" అనేవారు. చేరిన రోజు ఇరవై ఆరు. మర్నాడు పంతొమ్మిది. మూడో రోజు పదమూడు దగ్గర ఆగిపోయాను. ఆయన ఏమీ అనలేదు, బయటికెళ్లి మా ఆయనతో మాట్లాడారు.

ఇక్కడ మా చెల్లి గురించి చెప్పాలి. సొంత చెల్లి కాదు, పేరు రాయను, తను ఒప్పుకోదు. 2003లో నేను భానుగుడి జంక్షన్ దగ్గర డీటీపీ పని, అంటే కంప్యూటర్లో అచ్చుకి అక్షరాలు కూర్చే పని చేసేదాన్ని, పెళ్లికార్డులు, కరపత్రాలు, అన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో. పక్కనే నెట్ సెంటర్, గంటకి ఇరవై రూపాయలు. పని అయ్యాక యాహూ చాట్‌రూమ్‌లోకి వెళ్లేదాన్ని. ఆడపేరు కనిపిస్తే చాలు వయసెంత, ఏ ఊరు అని మీద పడిపోయే ఆ గోలలో ఒకమ్మాయి వచ్చీరాని తెలుగులో ఒకటే ప్రశ్న అడుగుతోంది: కోరంగి ఎవరికైనా తెలుసా? నేను కాకినాడ, కోరంగి మాకు బస్సులో వెళ్లొచ్చే దూరం. తెలుసు అన్నాను.

తనది మారిషస్. 1834 తర్వాత చెరుకు తోటల పనికి కూలీలని ఓడల్లో తీసుకెళ్లిన రోజుల్లో తన ముత్తాతల తండ్రి కోరంగి రేవులో ఓడ ఎక్కాడట, అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారట. ఇంట్లో అక్కడి వాడుక భాష క్రియోల్, బళ్లో ఇంగ్లీషు, ఫ్రెంచి, తెలుగు మాత్రం విడిగా నేర్చుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే మనం 'ఉ'కి 'యు' ఒక్కటే పెడతాం, తను ఫ్రెంచి పద్ధతిలో ముందు 'ఓ' కూడా పెట్టేది. "నువ్వు" అనే మాటలో అలాంటివి రెండు వచ్చేవి. నాకు ఆ రాత భలే ముద్దుగా ఉండేది. 2012 చివర్లో యాహూ ఆ రూములు మూసేసింది, మేము ఫేస్‌బుక్‌కి, తర్వాత వాట్సాప్‌కి వెళ్లాం. పంతొమ్మిదేళ్లలో ఫొటోలు పంపుకున్నాం, ఇద్దరి పెళ్లిళ్లూ, మా అమ్మ పోవడమూ రాసుకున్నాం, గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు. "నా తెలుగు వింటే నవ్వుతావు అక్కా" అనేది. నేనూ బలవంతపెట్టలేదు.

ఇప్పుడు ఈ ఆసుపత్రి మంచం మీద నాకు వేళ్లు లేవు. ఉన్నాయి, దుప్పటి మీద ఎవరివో అన్నట్టు పడి ఉన్నాయి. నాలుగో రోజుకి పెదవులు కూడా సరిగ్గా మూసుకోక మాట ముద్దముద్దగా వచ్చేది. మా ఆయన నా ఫోన్లోంచి తనకి విషయం రాశారు, లెక్కపెట్టే సంగతితో సహా. గంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయన ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు.

"అక్కా. నువ్వు సింహాద్రి అప్పన్న ఊళ్లో ఉన్నావు. మా ఇంట్లో కూడా ఆయనకే దీపం పెడతాం." సన్నటి గొంతు, 'ర' అంతా గొంతులోంచి వస్తోంది. తర్వాత ఊపిరి తీసుకున్న చప్పుడు. ఒకటి, రెండు, మూడు... తను బళ్లో నేర్చుకున్న అంకెలు. పంతొమ్మిది దగ్గర నాలుక తడబడి, నవ్వేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

రోజుకి రెండుసార్లు పంపేది. మనకంటే గంటన్నర వెనక వాళ్లు, అంటే నాకోసం చీకటితో లేచేది. నేను తనతో పాటు లోపల్లోపల లెక్కపెట్టేదాన్ని. నా లెక్క పన్నెండుకి దిగింది, రెండు రోజులు అక్కడే నిలబడింది, తర్వాత పద్నాలుగు, పదిహేడు. మందే నన్ను కాపాడింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఐసీయూలో పగలో రాత్రో తెలియని ఆ లైటు కింద, ఇంకో మనిషి ఊపిరి నాతో పాటు తీసుకుంటోందన్న ధైర్యం తనే ఇచ్చింది. వెంటిలేటర్ అవసరం పడలేదు.

ఇరవై నాలుగు రోజులకి ఇంటికొచ్చాను, చక్రాల కుర్చీలో. ఆ తర్వాతదంతా ఓపిక. నరం బాగా దెబ్బతిన్నచోట రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట, మరి పాదం ఎంత దూరమో చూడండి. ఫిజియోథెరపీ అబ్బాయి ఒక గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటీ పక్క గిన్నెలో వెయ్యమనేవాడు. మొదట్లో చెయ్యి మొత్తం గిన్నె మీద పడి శనగలన్నీ నేల మీద దొర్లేవి, మా అత్తయ్య ఒక్క మాటా అనకుండా ఏరి మళ్లీ పోసేవారు. చపాతీ పిండి ముద్ద ఇచ్చి నొక్కమనేవారు. ఏడో వారంలో కుడి చూపుడువేలు, బొటనవేలు కలిసి ఒక శనగగింజని పైకి లేపాయి.

ఆ సాయంత్రమే ఫోన్ ఒళ్లో పెట్టించుకున్నాను. "ఉన్నా" అని రాయాలి. తన పద్ధతిలోనే, ముందు 'ఓ', తర్వాత 'యు'. ఐదు అక్షరాలు, తప్పులు చెరుపుకుంటూ నాలుగు నిమిషాలు పట్టింది. ఒకప్పుడు గంటలో పెళ్లికార్డు దింపిన చెయ్యి. పంపాక రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు ఎంతకీ రాలేదు. తర్వాత ఒక వాయిస్ వచ్చింది, అందులో ఏడుపు తప్ప మాటల్లేవు.

మరుసటి ఏడాది డిసెంబరులో కోరంగి వెళ్లాం. ఎడమ కాలికి బ్రేస్, చేతిలో కర్ర. 1839 తుపానుకి ఆ రేవు నాశనమైంది, ఇప్పుడు చూడ్డానికి మడ అడవి, అందులో చెక్క దారి. వీడియో కాల్ చేసి ఫోన్ మా ఆయన చేతికిచ్చాను. తను నా కాళ్లు చూపించమంది. నీళ్లు చూపిస్తానన్నాను. "ముందు కాళ్లు అక్కా" అంది. నేను నడుస్తుంటే అక్కణ్నుంచి అడుగులు లెక్కపెట్టింది, నూట నలభై దాకా, మధ్యలో ఒక్కసారి కూర్చున్నాను. తర్వాత తనే అడిగి ఆ బురద కాలువని చాలాసేపు చూసింది.