చోంగ్‌చింగ్‌లో రైడింగ్ గేర్: కిట్ ఎక్కడిదాకా వచ్చింది

చోంగ్‌చింగ్‌లో మోటార్‌సైకిల్ నడపడానికి కూడగడుతున్న రక్షణ కిట్ ప్రస్తుత పరిస్థితి: హెల్మెట్, జాకెట్, వీపు ప్రొటెక్టర్, గ్లవ్స్ చేతికొచ్చాయి. బూట్ల మోడల్ ఖాయమైంది, జూన్ సేల్ కోసం ఆగింది. ప్యాంటు ఇంకా వెతుకులాటలోనే ఉంది. బడ్జెట్ 3,500 యువాన్లు: హెల్మెట్‌కు 1,000, జాకెట్‌కు 800, వీపు ప్రొటెక్టర్‌కు 250, గ్లవ్స్‌కు 250, బూట్లకు 600, ప్యాంటుకు 600. చైనాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లలో బండి నడిపేవాళ్లు ఈ లెక్కలోనే ఒక మంచి కిట్ కూడగట్టుకోవచ్చు. వస్తువు లోపలి లేబుల్ చదవడం నేర్చుకుంటే చాలు. పేజీలో అమ్మకందారు రాసే మాట వేరు, కుట్టిన లేబుల్ మీద ఉండే మాట వేరు.

గ్వాంగ్‌జౌ నగరంలో 2007 నుంచి మోటార్‌సైకిళ్లు నిషేధం. చోంగ్‌చింగ్ అలా కాదు. జోంగ్‌షెన్, లోన్‌సిన్, లీఫాన్ లాంటి బండ్ల కంపెనీలు పుట్టిన ఊరు, రోడ్ల మీద బళ్లు ధారాళంగా తిరుగుతాయి. గేర్ ఎంపిక మాత్రం ఇక్కడి వాతావరణాన్ని బట్టే చేసుకోవాలి. ఎండాకాలం 40 డిగ్రీలు మామూలు. 2022 ఆగస్టులో బేబెయ్ ప్రాంతంలో 45 డిగ్రీలు నమోదైంది. రామగుండం, రెంటచింతల ఎండలు ఎరిగినవాళ్లకు ఆ అంకె కొత్త కాదు గానీ, ఇక్కడ దానికి ఉక్కపోత తోడవుతుంది. చలికాలం పొగమంచు, తేమ. ఊరంతా కొండలు, వంతెనలు, సొరంగాలు. అందుకే మెష్ (గాలి ఆడే వల బట్ట) జాకెట్, విడిగా రెయిన్ సూట్, తెల్ల వైజర్ (హెల్మెట్ ముందుండే రంగులేని అద్దం) అని ముందే నిర్ణయమైపోయింది.

ఎక్కడ కొనాలి

ఆన్‌లైన్ షాపింగ్ సైట్ టీమాల్‌లో బ్రాండ్ సొంత దుకాణం, లేదా అలాంటిదే అయిన జేడీ తన గిడ్డంగి నుంచి నేరుగా అమ్మే సరుకు. ఈ రెండూ దాటి వెళ్లాల్సిన పని చాలా అరుదు. చిన్న దుకాణాలూ అమ్మే తావోబావ్ సైట్‌లో మోడల్ పేరు చైనీస్‌లో తెలియకపోతే ఫొటోతో వెతకండి, అదే వస్తువు పది దుకాణాల్లో కనిపిస్తుంది. అక్కడ ధర కాదు, దుకాణం ఎవరిదో చూడాలి. షోయీ, ఏజీవీ, డైనీస్ లాంటి ఖరీదైన విదేశీ గేర్ బ్రాండ్ల పేర్లతో అసలు ధరలో నాలుగో వంతుకు దొరికేది నకిలీయే. బయట రంగు, స్టిక్కర్ అచ్చం అలాగే ఉంటాయి, లోపలి థర్మోకోల్ మాత్రం ఏ పరీక్షకూ నిలబడేది కాదు. అదే డబ్బుకు ఎల్‌ఎస్2 లాంటి కంపెనీ అసలు హెల్మెట్ వస్తుంది. ఎల్‌ఎస్2 తయారయ్యేది కూడా చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లోనే, కాబట్టి ఇక్కడ దాని ధర విదేశాల్లో కంటే తక్కువ.

ఆన్‌లైన్‌లో కొన్న సరుకును కారణం చెప్పకుండా ఏడు రోజుల్లో వెనక్కి పంపే హక్కు 2014 నుంచి చైనా వినియోగదారుల చట్టంలోనే ఉంది. కొనుగోలు మొత్తాన్ని ఈ వారం చుట్టూ అల్లుకోవాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా ట్యాగులు తెంపకూడదు, వైజర్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర పీకకూడదు, బూట్లు గదిలో చాప మీద తప్ప వేసుకుని నడవకూడదు. ఆ పొర ఊడితే చాలు, వాడేశారంటూ చాలా దుకాణాలు రీఫండ్‌కు అడ్డం తిరుగుతాయి. పెట్టె తెరిచేటప్పుడు ఒకే వీడియోగా, ఆపకుండా తీసుకోండి. రిటర్న్ కూరియర్ ఖర్చుకు బీమా గుర్తు ఉన్న సరుకు మంచిదే గానీ, హెల్మెట్ పెట్టె పెద్దది కాబట్టి ఆ బీమా ఖర్చంతా మోయదు. కొంత చేతి నుంచి పడుతుంది.

డబ్బు కట్టే విషయం: అలీపే, వీచాట్‌లకు విదేశీ కార్డు తగిలిస్తే 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకూ 3 శాతం రుసుము పడుతుంది. స్థానిక బ్యాంకు ఖాతా ఉంటే దాంతోనే కట్టాలి. జూన్ 18, నవంబరు 11 సేల్స్‌లో ధరలు నిజంగానే తగ్గుతాయి. ముందస్తు బుకింగ్ పెట్టే దుకాణాల్లో అడ్వాన్సు కట్టి మిగతాది కట్టకపోతే ఆ అడ్వాన్సు పోయినట్టే.

హెల్మెట్: పూర్తయింది

ముందు చట్టం. మోటార్‌సైకిల్, ఎలక్ట్రిక్ సైకిల్ హెల్మెట్లకు చైనా ప్రమాణం జీబీ 811-2022, 2023 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో A తరగతి మోటార్‌సైకిళ్లకు, B తరగతి ఎలక్ట్రిక్ సైకిళ్లకు. వందలోపు యువాన్లకు దొరికే తేలికపాటి హెల్మెట్లు చాలావరకు B తరగతివి. గంటకు 25 కిలోమీటర్లతో పోయే బండి కోసం చేసినదాన్ని 300 సీసీ బండి మీద పెట్టుకోకండి. A తరగతి అన్న అక్షరం, సీసీసీ గుర్తు (చైనా తప్పనిసరి ధ్రువీకరణ) రెండూ ఉండాలి.

ఆ పైన యూరప్‌లో వాడే హెల్మెట్ ప్రమాణం ఈసీఈ 22.06 ఉంటే ఇంకా మంచిది. 2021లో వచ్చిన ఈ ప్రమాణంలో తల ఏటవాలుగా తగిలి మెలి తిరిగే దెబ్బను కూడా పరీక్షిస్తారు, పాత 22.05లో అది లేదు. గుర్తు గడ్డం పట్టీకి కుట్టి ఉంటుంది. వృత్తంలో E, పక్కన అనుమతి ఇచ్చిన దేశం అంకె. కింద అనుమతి సంఖ్య. ఆ సంఖ్య 06తో మొదలైతే 22.06, 05తో మొదలైతే పాతది. చివర P ఉంటే గడ్డం భాగం కూడా పరీక్షకు నిలిచింది. NP ఉంటే గడ్డం ముందు ముక్క ఉన్నా అది రక్షణకు లెక్కలోకి రాదు. పైకెత్తే రకం హెల్మెట్లలో దీన్ని తప్పక చూడాలి. అమెరికా ప్రమాణమైన డీవోటీ స్టిక్కర్ ఒక్కటే ఉన్నదాన్ని నమ్మొద్దు. ఆ పద్ధతిలో తయారీదారే తన సరుకు సరైనదని చెప్పుకుంటాడు, పైగా ఖాళీ స్టిక్కర్లు విడిగానూ అమ్ముతారు.

సైజుకు టేపును కనుబొమ్మలకు రెండు సెంటీమీటర్ల పైనుంచి, తల వెనక బాగా ఉబ్బిన చోటు మీదుగా తిప్పాలి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె తీసుకోవాలి. ఆ తర్వాత వచ్చేది తల ఆకారం, మనవాళ్లకు ఎక్కువ ఇబ్బంది దీనితోనే. చైనా మార్కెట్ కోసం చేసిన చాలా హెల్మెట్ల లోపలి గుండ్రనం ఎక్కువ. ముందునుంచి వెనక్కి కాస్త పొడవైన తలకు ఇవి నుదుటి మధ్యలో నొక్కుతాయి, చెవుల పైన మాత్రం వేలు దూరేంత ఖాళీ ఉంటుంది. దానికి సైజు పెంచడం మందు కాదు. నుదుటి నొప్పి పోతుంది గానీ హెల్మెట్ వదులై ప్రమాదంలో తిరిగిపోతుంది. మోడల్ మార్చడమే దారి. బుగ్గల దగ్గర బిగుతైతే వేరే మందం ప్యాడ్లు దొరుకుతాయి. లోపలి థర్మోకోల్‌ను మాత్రం గీకి తగ్గించకూడదు.

పెట్టుకుని అరగంట గదిలో కూర్చోవాలి. తీశాక నుదుటి మీద ఒకే చోట ఎర్రటి మచ్చ కనిపిస్తే వెనక్కి పంపాలి. బుగ్గలు కొంచెం లోపలికి నొక్కినట్టుండటం మంచి గుర్తే, వాడేకొద్దీ ప్యాడ్లు సర్దుకుంటాయి. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచును రెండు చేతులతో పట్టి ముందుకు ఎత్తి చూడాలి. కళ్ల మీదికి జారి ఊడొచ్చే హెల్మెట్ తలకు సరిపోనట్టే. ఏటా సెప్టెంబరులో చోంగ్‌చింగ్‌లో జరిగే సీమా మోటార్‌సైకిల్ ప్రదర్శన ఇందుకు మంచి అవకాశం. పెట్టుకుని చూసి, మోడల్, సైజు రాసుకుని వచ్చి ఆన్‌లైన్‌లో కొనొచ్చు.

వైజర్ తెల్లదే ఉండాలి, ఎండకు లోపలి నుంచి దిగే నల్ల అద్దం చాలు. పొగరంగు వైజర్‌తో ఎండలోంచి సొరంగంలోకి దూరితే మొదటి కొన్ని సెకన్లు ఏమీ కనిపించదు. వెలుతురుకు రంగు మార్చుకునే వైజర్లూ అంత వేగంగా తేటపడవు. చలికాలం ఆవిరి పట్టకుండా వైజర్ లోపలి వైపు అమర్చే పిన్‌లాక్ పొర తప్పనిసరి. వైజర్‌కు దాని రెండు పిన్నులు ఉన్న మోడలే తీసుకోండి. పొర అంచునున్న సిలికాన్ గీత వైజర్‌కు చుట్టూ ఆనుకోవాలి. ఆనకపోతే మధ్యలో ఆవిరి చేరుతుంది. పిన్నులు గుండ్రంగా కనిపించినా ఇరుసు పక్కకు ఉంటుంది, వాటిని కొంచెం తిప్పితే పొర బిగుస్తుంది.

జాకెట్: పూర్తయింది, వీపు భాగం మార్చాక

యూరప్ ప్రమాణం ఈఎన్ 17092. పైనుంచి AAA, AA, A తరగతులు. ఈ ఎండలకు మెష్ జాకెట్లలో ఎక్కువగా దొరికేది A. B అంటే రాపిడికి తట్టుకుంటుంది గానీ లోపల దెబ్బకు ప్రొటెక్టర్లు ఉండవు. C అంటే బట్టల మీదో కిందో తొడుక్కునే ప్రొటెక్టర్ చట్రం మాత్రమే, రాపిడికి దాన్ని లెక్కపెట్టకూడదు. పేజీలో ‘సీఈ (యూరప్ ప్రమాణ గుర్తు) ప్రొటెక్టర్లు’ అని రాస్తే చాలామంది జాకెట్ మొత్తం పరీక్షించారనుకుంటారు. ఆ మాట భుజం, మోచేతి ముక్కలకే వర్తిస్తుంది. అమ్మకందారుకు చాట్‌లో ఒక్కటే అడగాలి: లోపల కుట్టిన లేబుల్ ఫొటో పంపండి. పంపనివాడి దగ్గర కొనకండి.

సైజు చార్టులో బరువు చాలా చోట్ల జిన్‌లలో ఉంటుంది. ఒక జిన్ అంటే అర కిలో, అంటే 70 కిలోల మనిషి 140. లేబుల్ మీద 175/96A అని ఉంటే ఎత్తు 175 సెంటీమీటర్లు, ఛాతీ 96, A అన్నది ఒంటి తీరు. మగవాళ్ల సైజుల్లో ఛాతీకి, నడుముకి తేడా 12 నుంచి 16 సెంటీమీటర్లయితే A, 7 నుంచి 11 అయితే B, 2 నుంచి 6 అయితే C. పొట్ట ఉన్నవాళ్లు A తీసుకుంటే జిప్పు పడదు, పడేలా పెద్ద సైజు తీసుకుంటే భుజాలు జారి మోచేతి ప్రొటెక్టర్ ముంజేతికి దిగుతుంది. వేసుకుని అద్దం ముందు నిలబడితే సరిపోదు, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టాలి. అప్పుడు మోచేతి ముక్కను వేళ్లతో పట్టి చుట్టూ తిప్పి చూడాలి. తిరిగితే పడ్డప్పుడు కూడా తిరుగుతుంది.

వీపు జేబులో వచ్చేది చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి. దాన్ని తీసేసి వీపు ప్రొటెక్టర్ల యూరప్ ప్రమాణం ఈఎన్ 1621-2 ప్రకారం రెండో స్థాయి ముక్క పెట్టడమే ఈ కిట్‌లో అన్నిటికంటే లాభమైన మార్పు. దెబ్బ తగిలినప్పుడు ఒకటో స్థాయి ముక్క ఒంటికి దాటించే సగటు బలం 18 కిలోన్యూటన్ల దాకా ఉండొచ్చు, రెండో స్థాయికి ఆ హద్దు 9. కొనే ముందు జేబు ఆకారాన్ని వార్తాపత్రిక మీద గీసి కత్తిరించి, పొడవు, పై వెడల్పు, కింది వెడల్పు కొలవాలి. ముక్క పెద్దదైతే మడతపడుతుంది, చిన్నదైతే నడుము దాకా జారుతుంది. లేబుల్ మీద FB అంటే వీపంతా, CB అంటే మధ్యభాగమే. T+ అని ఉంటే 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షించారని అర్థం. మెత్తటి రబ్బరు తీరు ప్రొటెక్టర్లు వేడికి ఇంకా మెత్తబడతాయి కాబట్టి, ఈ ఊరికి ఆ గుర్తు ఉన్నదే తీసుకోవాలి.

గ్లవ్స్: పూర్తయ్యాయి

గ్లవ్స్‌కు యూరప్ ప్రమాణం ఈఎన్ 13594, లేబుల్ మీద ఒకటో స్థాయి, పక్కన KP. ఆ KP అంటే పిడికిలి కణుపుల మీది గట్టి ముక్క దెబ్బకు పరీక్షించినది. ‘కార్బన్’ అని రాసిన చాలా ముక్కలు లోపల డొల్ల ప్లాస్టిక్, గోటితో కొడితే చప్పుడులోనే తెలుస్తుంది. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ కణుపుల మీదుగా కొలత తీసుకోవాలి. మణికట్టు పట్టీ బిగించాక వేళ్ల చివర్లు పట్టి మరొకరిచేత గట్టిగా లాగించండి. ఊడితే ఎంత ఖరీదైనదైనా వద్దు.

బూట్లు: సేల్ కోసం ఆగాయి

బూట్ల యూరప్ ప్రమాణం ఈఎన్ 13634 గుర్తు కింద నాలుగు అంకెలు ఉంటాయి, ఒక్కొక్కటి 1 లేదా 2. వరుసగా ఎత్తు, రాపిడి, కోత, అడ్డంగా నలిగిపోకుండా ఉండే గట్టితనం. బండి కాలి మీద పడ్డప్పుడు పాదాన్ని కాపాడేది ఆ నాలుగోది, అక్కడ 2 ఉన్నదే ఎంచుకున్నది. IPA ఉంటే చీలమండ దగ్గర కూడా ప్రొటెక్టర్ ఉన్నట్టు. సైజు మిల్లీమీటర్లలో: 260 అంటే 42. సాయంత్రం, మందపు సాక్సు వేసుకుని, కాగితం మీద పాదం గీసి కొలవాలి, ఎక్కువ పొడవున్న పాదమే లెక్క.

వాడేసిన సరుకుకు షియాన్‌యూ యాప్ ఉంది. జాకెట్లు, బూట్లు అక్కడ కొనొచ్చు, లేబుల్ ఫొటో అడిగి మరీ. హెల్మెట్ మాత్రం వాడినది కొనకూడదు. ఒకసారి దెబ్బ తిన్న థర్మోకోల్ లోపల నలిగిపోయినా పైకి కనిపించదు.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడ హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఐఎస్ 4151 ప్రకారం. ఈసీఈ ఉన్నా, సీసీసీ ఉన్నా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అది చట్టానికి సరిపోదు. కాబట్టి హెల్మెట్ బడ్జెట్ ఇక్కడి అవసరానికే లెక్కేసుకుని, మిగిలే డబ్బు జాకెట్, బూట్ల మీద పెడితే అవి వెంట తీసుకెళ్లి వాడుకోవచ్చు. గాలి నిండే ఎయిర్‌బ్యాగ్ వెస్టు ఉంటే దాని గ్యాస్ సిలిండర్ కోసం విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి.

ప్యాంటు: వెతుకులాట

నడుము కొలత చాలా చార్టుల్లో చీలలో ఉంటుంది. మూడు చీలు ఒక మీటరు, అంటే 2.4 చీలు 80 సెంటీమీటర్లు, సుమారు 31న్నర అంగుళాలు. చూడాల్సిన అసలు విషయం మోకాలి జేబు. నిలబడ్డప్పుడు సరిగ్గా ఉన్న ప్రొటెక్టర్ కూర్చున్నాక తొడ వైపు లేచిపోతుంది. అందుకే లోపలి జేబును వెల్క్రోతో పైకీ కిందికీ జరుపుకునే మోడళ్లనే జాబితాలో ఉంచాం. వాటిలోనూ తుంటి ప్రొటెక్టర్లు కలిపి ఇచ్చేవి తక్కువ, చాలావాటికి జేబు కుట్టి వదిలేస్తారు. ఆ జత విడిగా కొంటే 100 నుంచి 150 యువాన్లు అవుతుంది కాబట్టి, అది పోను ప్యాంటుకు మిగిలేది 450 లేదా 500.