మందు మానిన మొదటి నాలుగు రోజులు

"తాగుతారా?" అని అడిగితే నేను ఎప్పుడూ "అప్పుడప్పుడు" అనేవాణ్ణి. అడిగినవాళ్ళకీ అది చాలేది. "రోజుకి క్వార్టరా, హాఫా? పొద్దున్నే చెయ్యి వణుకుతుందా?" అని షుగరు గురించి అడిగినంత మామూలుగా అడిగితే మాత్రం దాచబుద్ధి కాదు.

మన దేశంలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాలు. 42.8 శాతం విస్కీ 30 మి.లీ.లో అంత ఉంటుంది. 180 మి.లీ. క్వార్టర్ ఆరు డ్రింకులు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా నాలుగు. "నేను బీరే" అంటూ రెండు సీసాలు తాగినవాడు క్వార్టర్ దాటేసినట్టే. నీళ్ళు ఎంత కలిపినా ఈ లెక్క మారదు. తాగుడు ఎంత ముదిరిందో తేల్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఆడిట్' ప్రశ్నావళిలో 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8 వస్తే ఆరోగ్యానికి ముప్పు మొదలైనట్టు. 20 వస్తే సొంతంగా మానే ప్రయత్నం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఎందుకంటే ఆల్కహాలు మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు దానికి ఎదురుగా ఉద్రేకం పెంచుకుంటూ పోతుంది. మందు ఒక్కసారిగా ఆగితే ఆ ఉద్రేకమే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, గుండె దడ. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేని మనుషులూ పురుగులూ కనిపిస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తూ కూర్చుంటే ప్రాణం పోవచ్చు. నేను ఆస్పత్రిలో చేరి మానాను కాబట్టి నాకు వణుకూ చెమటలతోనే సరిపోయింది.

అయ్యప్ప మాల వేసుకుని ఆ పూటే మానేసేవాళ్ళకి ఇదే చిక్కు. మాల మంచిదే, 41 రోజులు మందు లేకుండా ఉండగలనన్న ధైర్యం వస్తుంది. రోజూ హాఫ్ తాగేవాళ్ళు మాత్రం మాలకు ముందే డాక్టరును కలవాలి. మాల తీసిన రోజూ ప్రమాదమే, అలవాటు తప్పిన ఒళ్ళు పాత మోతాదుకు తట్టుకోదు.

ఆస్పత్రిలో మెదడు ఉద్రేకాన్ని అణిచే క్లోర్‌డయాజిపాక్సైడ్ ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తారు. లివర్ బాగా దెబ్బతింటే దాని బదులు లోరాజిపామ్ ఇస్తారు. బి1 విటమిన్, అంటే థయామిన్, ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇంటి దగ్గర "నీరసంగా ఉన్నాడు, గ్లూకోజు పెట్టించండి" అంటారు. బి1 అడుగంటిన ఒంట్లోకి గ్లూకోజు ఒక్కటే వెళితే మెదడు దెబ్బతినవచ్చు. అప్పుడు నడక తూలుతుంది, మాట తికమకగా ఉంటుంది, చూపు నిలవదు. అచ్చం తాగినట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రను కూరలో తెలియకుండా కలిపే ఇళ్ళున్నాయి. ఆ మాత్ర మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాడు చనిపోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. తాగేవాడికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూసి రాస్తేనే అది వైద్యం.

తాగేవాడితో మాట్లాడాలంటే మత్తు దిగాక, నలుగురి ముందు కాకుండా మాట్లాడాలి. పిల్లల మీద ఒట్టు వేయించుకుంటే అది తప్పిన రోజు నుంచి దాచడం మొదలవుతుంది. నా మీద పనిచేసింది తమ్ముడి పద్ధతి. "అన్నా, మందు వల్ల నీకేం బాగుంటుంది?" అన్నాడు. నిద్ర పడుతుందన్నాను. "మరి రాత్రి మూడింటికే ఎందుకు లేస్తున్నావు?" అని ఊరుకున్నాడు. ఉపన్యాసం లేదు. జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది.

మానాక మళ్ళీ తాగినా, ఆ సంగతి చెప్పుకోగల మనిషి ఒకరు ఉండాలి. వరసగా చాలా రోజులు తాగి ఉంటే ఈసారి కూడా ఇంట్లోనే ఆపెయ్యకూడదు. ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ ఇంతకు ముందు వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ఎటు వెళ్ళాలో తెలియకపోతే 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. దిగులు, నిద్రలేమి, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఉంటే 14416 టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.