యుద్ధం నడుస్తుండగా ఇంటికి పంపేశారు

1971లో బి.ఏ. మధ్యలో ఆపేసి ఆర్మీలో చేరాను. అప్పుడు రేడియో పెడితే తూర్పు బెంగాల్ కాందిశీకుల వార్తలే. భర్తీలో ఎత్తు, ఛాతీ, పరుగు అన్నీ సరిపోయాయి. గోల్కొండలో ఫిరంగి దళానికి శిక్షణ ఇచ్చే ఆర్టిలరీ సెంటర్‌కి పంపారు.

శిక్షణ సంగతి అందరూ చెప్పేదే: తెల్లారకముందే పీటీ, ఎండలో డ్రిల్లు, లంగర్‌లో రొట్టెలు, సగం అర్థంకాని హిందీలో తిట్లు. నాకు అడ్డం తిరిగింది ఎడమ చెవి. చలి మొదలయ్యాక జలుబు చేసి చీము కారింది. మిలిటరీ ఆసుపత్రిలో చూసి కర్ణభేరికి చిల్లు ఉందన్నారు. ఫిరంగి పక్కన నిలబడాల్సినవాడికి ఆ ఒక్క మాట చాలు.

మెడికల్ బోర్డులో ముగ్గురు డాక్టర్లు. ఒకాయన నా వెనక దూరంగా నిలబడి గుసగుసగా అంకెలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. కుడి చెవితో అన్నీ చెప్పాను. ఎడమ చెవి వంతు వచ్చేసరికి ఆయన ఇంకా చెబుతున్నాడో, ఆపేశాడో కూడా తెలియలేదు.

బోర్డు తేల్చాక మర్నాడే బండెక్కిస్తారనుకున్నాను. కాగితాలు పైకెళ్లి ఆమోదమై రావాలట. ఈలోగా డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. నాతో చేరినవాళ్లు ఫిరంగి డ్రిల్లులో మునిగిపోతే నేను ఆఫీసులో ఫైళ్లు మోశాను. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండేదేమో.

విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందన్న వార్త వచ్చిన రోజుల్లో నేను స్టోరు ముందు కిట్టు అప్పజెబుతున్నాను. హవల్దారు మా జిల్లావాడే. దుప్పటి దులిపి, దోమతెర విప్పి, బూట్లు తిరగేసి చూసి ఒక్కోదానికి టిక్కు పెట్టుకున్నాడు. మేజోళ్లు ఒక జత తక్కువొచ్చాయి. "యుద్ధం యుద్ధమే, లెక్క లెక్కే తమ్ముడూ" అంటూ జీతంలో కోత రాసేశాడు. ఆ తర్వాత ప్రతి సెక్షన్‌లో బాకీ లేదని సంతకాలు, టిక్కెట్టుకు బదులిచ్చే రైల్వే వారంటు, చివరికి డిశ్చార్జి కాగితం.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయేనాటికి మా ఇంటి అరుగు మీద ఉన్నాను. ఊరంతా మిఠాయిలు పంచుకుంటోంది. నన్ను చూసి మాత్రం "పారిపోయొచ్చాడా?" అని మా నాన్ననే అడిగారు. ఆయన వాదించలేదు. కాగితం తెచ్చి, ఇంగ్లీషు వచ్చిన పోస్టుమాస్టరు చేత గట్టిగా చదివించారు. కారణం: వైద్యపరంగా సర్వీసుకు తగడు. నడవడిక: మంచిది. తగడన్న మాట దాచకుండా రాశారు కాబట్టే రెండో మాటను ఊరు నమ్మిందని నా అభిప్రాయం.

కాలేజీలో హెడ్ క్లర్కు ఆ కాగితం నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నాడు. చేయించి ఇచ్చాను. హాజరు పోయింది గనక 1972 జూన్‌లో మళ్లీ మొదటి సంవత్సరమే. మేజోళ్ల కోత పోను మిగిలిన జీతం మనియార్డరుగా వస్తే నాన్న దానితోనే ఫీజు కట్టారు. కొన్ని నెలలు తిరక్కుండానే జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీ మూతపడింది.