మూడో రిజిస్టరు

మన పాత విద్యార్థుల సమావేశానికి తెచ్చే సంచికకి, మన ఫోటోగ్రఫీ క్లబ్ గురించి రెండు పేజీలు రాయమన్నారు. గుర్తున్నది రాసేద్దామనుకున్నాను కానీ, ఎందుకైనా మంచిదని ముందు ఫిజిక్స్ ల్యాబ్ వెనక గదిలో ఉన్న మన ఇనప్పెట్టె తీయించి చూశాను. మూత ఎత్తగానే గుప్పున పుల్లటి వాసన. డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్లకి ఆ వాసన కొత్త కాదు, డెవలపర్ పనిని ఆపడానికి వాడే స్టాప్ బాత్ అంటే పల్చటి అసిటిక్ యాసిడ్డే కదా, ఇంటికెళ్లాక కూడా మన చేతులకి ఉండేది. కానీ ఇన్నేళ్లు మూసి ఉన్న పెట్టెలో స్టాప్ బాత్ ఎక్కడిది? ఆ వాసన ఫిల్మ్‌ది. మన నెగటివ్‌లు పాడవడం మొదలైంది.

అందుకని ఇది కొంత జ్ఞాపకాల కోసం, కొంత పని కోసం రాస్తున్నాను.

క్లబ్ మేం చేరకముందే ఉంది. ఫిజిక్స్ మాస్టారు తన సొంత కెమెరాతో మొదలుపెట్టారు. నడుం దగ్గర పట్టుకుని పైనుంచి కిందికి చూసే రెండు లెన్సుల కెమెరా అది. అందులో బొమ్మ కుడి ఎడమలు మారి కనిపిస్తుంది, కుడివైపు పరిగెత్తే పిల్లాణ్ణి పట్టుకోవాలని కెమెరా తిప్పితే వాడు ఎడమవైపు నుంచి మాయమైపోతాడు, దానికి చెయ్యి అలవాటు పడటానికే నాకు నెలలు పట్టింది. రోల్‌కి 12 ఫోటోలు. మేం కూడా పన్నెండు మందిమే, అంటే మనిషికి ఒక్కటి. లైట్ మీటర్ లేదు. ఎండ బాగా కాస్తుంటే అపెర్చర్, అంటే లెన్సులో వెలుగొచ్చే రంధ్రం, 16 మీద పెట్టాలి, షట్టర్ ఏమో ఫిల్మ్ స్పీడుకి దగ్గరగా, అంటే 125 ఫిల్మ్‌కి సెకనులో 125వ వంతు. మబ్బు పడితే ఆ రంధ్రాన్ని ఒక మెట్టు, నీడలోకి వెళ్తే మూడు మెట్లు తెరవాలి. ఆ ఒక్క ఫోటో కోసం వారమంతా వెలుగు చూస్తూ తిరిగేవాళ్లం. ఇప్పటికీ ఏ గదిలోకి వెళ్లినా ముందు కిటికీ ఎటుందో చూస్తాను.

తర్వాత 35 ఎంఎం కెమెరా వచ్చింది. 100 అడుగుల ఫిల్మ్ డబ్బా తెచ్చుకుని చీకట్లో కత్తిరించి క్యాసెట్లలోకి చుట్టుకుంటే 36 ఫ్రేముల రోల్స్ పద్దెనిమిది దాకా వచ్చేవి. ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే మందు, డెవలపర్, కూడా మనమే కలుపుకునేవాళ్లం, డి-76 అనే రకం. లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. చిటికెడు సల్ఫైట్ వేశాక మెటాల్ కరిగించి, ఆ తర్వాతే మిగతా సల్ఫైట్ పొయ్యాలి. తొందరపడి సల్ఫైటంతా ముందే పోస్తే మెటాల్ ఓ పట్టాన కరగదు. నెగటివ్‌ని పెద్దది చేసి చూపే ఎన్‌లార్జర్ కింద వెలుగు పడిన తెల్ల కాగితాన్ని డెవలపర్‌లో వేశాక, ఎర్ర బల్బు వెలుగులో ముందు నల్ల జుట్టు, తర్వాత కళ్లు, చివరికి ముఖం తేలడం ఎన్నిసార్లు చూశానో. మొదటిసారి పక్కన నిలబడి చూపించిన సీనియర్ అక్క, 'ట్రే ఊపుతూ ఉండు, ఆపకు' అని మెల్లిగా అన్నది ఇంకా చెవిలో ఉంది.

అయితే మాస్టారు అన్నిటికన్నా పట్టుబట్టింది రిజిస్టరు దగ్గర. రోల్ నంబరు, ఫ్రేము, తేదీ, అపెర్చర్, షట్టర్, తీసినవాళ్లు, ఆఖరి గడిలో ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు. ఆ ఆఖరి గడి మాకు ప్రాణసంకటం. ఎందుకండీ, మనకి తెలుసు కదా అంటే ఆయన, బొమ్మని నిలబెట్టే మందు హైపో సంగతి చెప్పేవారు. హైపో వెండి లవణాల్ని కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టి ప్రచురించాడు, అప్పటికి ఫోటోగ్రఫీయే లేదు. 1839లో, తీసిన బొమ్మ వెలుగుకి నల్లబడిపోకుండా ఎలా నిలపాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ పాత సంగతే పనికొచ్చింది. నెగటివ్, పాజిటివ్ అనే మాటలు కూడా హెర్షెల్ పెట్టినవే. 'ఎప్పుడు పనికొస్తుందో తెలీదు, రాసి ఉంచడం మన వంతు' అనేవారు మాస్టారు.

వార్షికోత్సవం రోల్ పాడు చేసింది నేనే. చాలామందికి తెలియదు, ఇప్పుడు చెబుతున్నాను. ఎర్ర బల్బు కింద కాగితానికి ఏమీ కాదు కాబట్టి ఫిల్మ్‌కీ ఏమీ కాదనుకుని, ఆ వెలుగులోనే క్యాసెట్ విప్పి, ఫిల్మ్ కడిగే ట్యాంకులోని రీలుకి ఎక్కించాను. మామూలు బ్రోమైడ్ కాగితానికి ఎరుపు కనపడదు, మనం వాడే పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్‌కి అన్ని రంగులూ కనపడతాయి. ట్యాంకు తెరిస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకటే నలుపు. 36 ఫ్రేములు. ఆ రాత్రి నిద్ర లేదు, మర్నాడు మాస్టారి ముందు నిలబడాలంటే ఎంత టెన్షనో. ఆయన తిట్టలేదు. ఆ రోల్ పేజీ కొట్టేయబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపి, ఫోటోలు తీసిన అన్నని పిలిపించి, గుర్తున్నంతవరకు 36 గడులూ నింపించారు. పక్కన 'ఎర్ర లైటు' అని నా చేత రాయించారు.

మొన్న ఆ పేజీ చూశాను. ఎవరు పాడారు, ఎవరు బహుమతి అందుకున్నారు, వాన మొదలై కుర్చీలు ఎవరెవరు మోశారు, అన్నీ ఉన్నాయి. ఒక్క ఫోటో లేదు, ఆ రోజు మాత్రం ఉంది.

డిజిటల్ వచ్చాక డార్క్‌రూమ్ మూతపడింది. అందులో తప్పేమీ లేదు, పిల్లలు ఒక్కరోజులో మా ఏడాది ఫోటోలు తీశారు, బాగా తీశారు. కానీ రిజిస్టరు ఆగిపోయింది, ఫోటోలున్న హార్డ్ డిస్క్ ఒకటి చెడిపోయింది, ఎక్కువ ఫోటోలు తీసిన ఏళ్లవే ఇవాళ మన దగ్గర అన్నిటికన్నా తక్కువ మిగిలాయి.

ఇక పెట్టె సంగతి. మన ఫిల్మ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌ది, అది తేమకీ వేడికీ విడిపోతూ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే మిగతా భాగాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది, పక్కనున్న మంచి ఫిల్మ్‌కీ అంటుకుంటుంది. తర్వాత ఫిల్మ్ కుంచించుకుపోయి ముడతలు పడుతుంది. ఆపలేం, నెమ్మది చేయగలం. వాసన వస్తున్నవి విడిగా తీసి, అన్నిటినీ కాగితపు కవర్లలోకి మార్చి చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టాం, బాగా పాడైనవి ముందు స్కాన్ చేస్తున్నాం. మీ ఇంట్లో పాత నెగటివ్‌లుంటే మీరూ ఒకసారి వాసన చూడండి.

పెట్టెలో ఒకటి, రెండు, నాలుగు రిజిస్టర్లు ఉన్నాయి. మూడోది లేదు. ఆ ఏళ్ల నెగటివ్‌లు బాగానే ఉన్నాయి, ముఖాలు స్పష్టంగా ఉన్నాయి, పేర్లు లేవు. చెట్టు కింద పుస్తకం పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి ఉంది, నాకే కాదు, అడిగిన తొమ్మిది మందికీ పేరు గుర్తురాలేదు. ఆ మూడో రిజిస్టరు నీలం అట్ట, పొడుగాటి పుస్తకం, వెన్ను మీద తెల్ల రంగుతో 3 అని ఉంటుంది. ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి మర్చిపోయి ఉంటే ఎందుకు తీసుకెళ్లారని ఎవరూ అడగరు. సమావేశం రోజు తెచ్చివ్వండి. కాంటాక్ట్ ప్రింట్లు, అంటే నెగటివ్ సైజులోనే తీసిన చిన్న ప్రింట్లు, హాల్లో బల్లల మీద పరుస్తాం, పక్కన పెన్సిళ్లు ఉంటాయి, ఎవరు కనిపించినా ప్రింటు వెనక పేరు రాయండి.