స్టీరింగ్‌లో టక్ టక్ అంటే బండే మార్చేయమన్నారు

మా బండి 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నిన్న సాయంత్రమే విజయవాడ ఆటోనగర్ నుంచి ఇంటికి తెచ్చాను. శబ్దం పోయింది. కోపం ఇంకా పోలేదు, అందుకే వెంటనే రాస్తున్నా.

ఇంజిన్ ఆన్ చేసి, బండి నిలబెట్టి, స్టీరింగ్‌ని బెత్తెడు ఇటూ అటూ కదిపితే టక్, టక్. బందరు రోడ్డు మీద నేరుగా పోతూ కాస్త సవరించినా అరచేతికి తగిలేది. గతుకుల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద ప్రత్యేకంగా ఏమీ లేదు. పూర్తిగా తిప్పి మలుపు తీసుకున్నా లేదు. ఇదంతా నేను కాగితం మీద రాసుకుని మరీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. ఫోన్‌లో బుకింగ్, బండి అప్పగించడం నిమిషాల్లో అయిపోయాయి.

టెస్ట్ డ్రైవ్‌కి వచ్చిన కుర్రాడు కూర్చోగానే ఏసీ ఫుల్‌లో పెట్టాడు. కానూరు వైపు ఒక రౌండ్ కొట్టి, "నాకేం వినపడలేదు సార్" అన్నాడు. ఏసీ ఆపి, స్టీరింగ్ కదిపి వినిపించాను. "పాత బండి కదా సార్, ఆ మాత్రం ఉంటుంది" అన్నాడు. సరే, జాబ్ కార్డ్ (చేయబోయే పనుల చీటీ) ఇమ్మంటే, అందులో మొదటి లైనే పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్చడం, దాని ఖరీదు.

ఇక్కడ నాకు మండింది. నా బండిది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. స్టీరింగ్ కాలమ్‌కే, అంటే చక్రం నుంచి కిందికి దిగే కడ్డీ భాగానికే, మోటారు ఉంటుంది, ఆయిల్‌తో పనే లేదు. "ఆయిల్ ఎక్కడ పోస్తారో చూపించు బాబూ" అన్నాను. బానెట్ ఎత్తి అటూ ఇటూ చూశాడు, కూలెంట్ డబ్బా చూశాడు, చివరికి సూపర్‌వైజర్‌ని పిలిచాడు. ఆయన కార్డు చూసి నింపాదిగా, "అది సిస్టమ్‌లో అందరికీ అలాగే ప్రింట్ అవుతుంది సార్" అన్నారు. అంటే అడగనివాళ్లందరి దగ్గరా లేని ఆయిల్‌కి డబ్బులు తీసుకుంటున్నట్టేగా!

దానికి నా మీద పగబట్టారేమో తెలీదు. అరగంటలో ఇంకో ఎస్టిమేట్ వచ్చింది. కాలమ్ మొత్తం మార్చాలి, ర్యాక్ (ఆ తిరుగుడుని ముందు చక్రాలకు అందించే భాగం) కూడా మారిస్తే మంచిది. నలభై వేలకు కాస్త తక్కువ. ఏ పరీక్ష చేసి తేల్చారని అడిగితే జవాబు లేదు. బండి లిఫ్ట్ మీదికి ఎక్కనే లేదు, అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. పైగా వెయిటింగ్ హాల్లో నలుగురూ వింటుండగా, "ఈ వయసు బండికి అంత పెట్టడం దండగ సార్, ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయండి" అని సేల్స్ అబ్బాయిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టారు. ఆ అబ్బాయి నా జీతం ఎంతని అడిగాడు. మా ఆవిడ నా చెయ్యి నొక్కకపోతే అక్కడ పెద్ద గొడవే అయ్యేది. తాళం తీసుకుని బయటికి వచ్చేశాం.

ఆటోనగర్‌లో తెలిసినవాళ్లు చెప్పిన షెడ్డుకి వెళితే మెకానిక్ భాయ్ ఒక్కటే అడిగాడు: "నిలబడి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా సార్?" కాగితం ఇచ్చాను. చదివి నవ్వాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి టైరుని పక్కల పట్టుకుని ఊపాడు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ గట్టిగానే ఉంది. పైనా కిందా పట్టి ఊపాడు, చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్, చక్రం బేరింగ్ బాగానే ఉన్నాయి. "ఇవి లూజైతే బండి రోడ్డెక్కించకూడదు సార్" అన్నాడు. తర్వాత నన్ను స్టీరింగ్ తిప్పమని, తను డ్యాష్‌బోర్డ్ కింద దూరి కాలమ్ మీద చెయ్యి పెట్టాడు. రెండు టక్‌లు తగలగానే, "కప్లింగ్" అన్నాడు.

మోటారుకీ కాలమ్‌లోని గేరుకీ మధ్య చిన్న రబ్బరు ముక్క ఉంటుంది, అదే కప్లింగ్. వేడికీ వయసుకీ అది పొడి అయిపోతే అక్కడ సందు ఏర్పడి మోటారు అటూ ఇటూ తగులుతుంది, అదే ఆ టక్. ముక్క ధర వందల్లోనే. అసలు పని కాలమ్ దించడం. బ్యాటరీ తీసి కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ వైర్ జాగ్రత్తగా విప్పి, చక్రాలు నేరుగా పెట్టి స్టీరింగ్ తిరగకుండా కట్టేశాడు. కట్టకపోతే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే చుట్ట వైరు) తెగుతుందట. పాత ముక్కని నా చేతిలో పెట్టాడు, వేళ్ల మధ్య నలిగిపోయింది. కూలీతో కలిపి రెండు వేలు కూడా దాటలేదు.

మీకూ శబ్దం వస్తుంటే ముందు ఎప్పుడొస్తుందో పట్టుకోండి. ఫుల్‌గా తిప్పి బండి కదిలిస్తే టకటకమంటే యాక్సిల్ జాయింట్ చూపించండి. నిలబడి తిప్పితే స్ప్రింగ్ ఎగిరిపడ్డట్టు చప్పుడొస్తే స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) పైనున్న మౌంట్ బేరింగ్. ఆయిల్ స్టీరింగ్ బండి గుయ్‌మంటే ఆయిల్ తగ్గిందేమో చూడండి. స్టీరింగ్ చక్రంలోనే సర్‌సర్‌మని రాసుకుంటూ, ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగితే క్లాక్ స్ప్రింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. జాబ్ కార్డ్‌లో ప్రతి లైనూ చదివాకే సంతకం పెట్టండి. జీతం అడిగితే చెప్పకండి.