మూడు బీప్‌ల జాడ పట్టుకొని: నా అనుభవం

మా తమ్ముడు హన్మకొండలో నడిపే డీటీపీ సెంటర్‌లోని పాత డెస్క్‌టాప్ మొన్నటి వానాకాలంలో మొరాయించింది. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. స్విచ్ నొక్కిన ప్రతిసారీ లోపలి నుంచి మూడు పొట్టి బీప్‌లు వినిపిస్తున్నాయి. ఒక రిపేర్ షాపులో పెట్టె విప్పకుండానే "బోర్డు పోయిందన్నా, కొత్తది ఏయించుకోండ్రి" అన్నారు. బీప్ మోగుతోందంటే ప్రాసెసర్ ఎంతో కొంత పని చేసినట్టే కదా అని, దానిని ఇంటికి తెచ్చుకున్నాను.

స్విచ్ నొక్కగానే జరిగే ఈ పరీక్షను పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్, పొట్టిగా పోస్ట్ అంటారు. 1981 నాటి ఐబీఎం పీసీలోనే ఇది ఉంది. ముందుగా ఎస్‌ఎంపీఎస్ (పెట్టెలోని పవర్ సప్లై) తన 3.3, 5, 12 వోల్టుల సరఫరాలు నిలకడగా ఉన్నాయని తేల్చుకొని బోర్డుకు 'పవర్ గుడ్' సంకేతం పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ పని మొదలెట్టకుండా రీసెట్‌లోనే ఉంటుంది. ఆ తరువాత ప్రాసెసర్ 4 జీబీ చిరునామాల హద్దుకు సరిగ్గా 16 బైట్ల ముందున్న చోటు నుంచి మొదటి ఆదేశాన్ని తీసుకుంటుంది. అక్కడ పలికేది ర్యామ్ (తాత్కాలిక మెమరీ) కాదు, కంప్యూటర్‌ను లేపే తొలి ప్రోగ్రాం దాచిన బయోస్ చిప్. బయోస్ తన కోడ్ చెడలేదని లెక్క సరిచూసుకొని, టైమర్‌ను, ర్యామ్‌లోని విలువలు చెరగకుండా చూసే రిఫ్రెష్‌ను పరీక్షించి, ర్యామ్ మొదటి 64 కేబీలో కొన్ని విలువలు రాసి, వాటినే తిరిగి చదివి పోల్చుకుంటుంది. తెరకు వంతు వచ్చేది ఇవన్నీ గట్టెక్కాకే కనుక, ఈలోపు దొరికిన తప్పును చెప్పడానికి స్పీకర్ తప్ప దానికి వేరే నోరు లేదు.

అయితే బీప్‌ల అర్థం బయోస్ తయారీదారును బట్టి మారుతుంది. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు గ్రాఫిక్స్ తప్పును చెబుతాయి. మా బోర్డు చిప్ మీద ఏఎంఐ స్టిక్కర్ ఉంది. ఏఎంఐ లెక్కలో మూడు పొట్టి బీప్‌లంటే ఆ మొదటి 64 కేబీ దగ్గరే ఆగిందని. డిస్కు, కీబోర్డు, విండోస్ వైపు చూడనవసరమే లేకపోయింది.

కరెంటు వైరు పీకి, చేతిలోని స్థిర విద్యుత్తు పోవడానికి పెట్టె ఇనుప అంచును తాకి, రెండు ర్యామ్‌లనూ బయటికి తీశాను. స్లాట్లలో సన్నని దుమ్ము పేరుకొని ఉంది. బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్కో ర్యామ్‌ను ఒక్కో స్లాట్‌లో మార్చి చూశాను. మొదటి స్లాట్‌లో రెండూ విడివిడిగా పని చేశాయి. రెండో స్లాట్‌లో ఏది పెట్టినా అవే మూడు బీప్‌లు. దానిని ఖాళీగా వదిలేశాము.

తెర వచ్చాక సీఎంఓఎస్ (తేదీ, సెట్టింగులు దాచే చిన్న మెమరీ) చెక్‌సమ్, అంటే సరిచూసే లెక్క, తప్పని, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కమని చూపింది. తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. ఆ మెమరీని నిలిపి ఉంచే 3 వోల్టుల సీఆర్2032 సెల్ అయిపోయిందన్నమాట. కొత్తది వాచీల దుకాణంలోనే దొరికింది. తేదీ, బూట్ వరుస మళ్లీ సరిచేశాను.

తమ్ముడు తరువాత కొన్న కొత్త బోర్డుకు స్పీకర్ లేదు. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లున్నాయి. ఏ లైటు ఆరకుండా నిలిచిపోతే పరీక్ష ఆ మెట్టు దగ్గరే ఆగిందన్నమాట.